6,500 డాలర్లకి 1984 కాటలీనా 30: కొనే ముందు నీళ్లు ఎక్కడ దూరాయో చూడు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బాల్టిమోర్‌లో ఉంటున్నావు, ఇద్దరు చిన్న పిల్లలు, పోయినేడు తెరచాప పడవ నడపడం నేర్పే మొదటి కోర్సు ఏఎస్ఏ 101 పూర్తి చేశావు. ఇప్పుడు అనాపొలిస్‌కి దక్షిణంగా ఒక క్రీక్‌లో 1984 కాటలీనా 30 తెరచాప పడవ 6,500 డాలర్లకి దొరుకుతోంది. మూడేళ్లుగా ఎవరూ దాన్ని తిప్పలేదు, యూనివర్సల్ ఎం-25 డీజిల్ ఇంజిన్ మాత్రం నడుస్తుందని అమ్మే ఆయన అంటున్నాడు. ఇంత చవక పడవకి మళ్లీ 750 పెట్టి సర్వే (కొనే ముందు నిపుణుడితో చేయించే తనిఖీ) ఎందుకు, ఏడాదికి ఎంత ఖర్చవుతుంది, రిపేర్లు మనమే చేసుకోగలమా, ఇవీ నీ సందేహాలు.

సర్వే చేయించు. పడవ ఎంత చవకైతే సర్వే అంత అవసరం. ఎందుకో చెప్తాను, కానీ ముందు ఖర్చు లెక్క తేల్చుకుందాం, ఎందుకంటే అక్కడే చాలామంది మనవాళ్లు పొరబడుతున్నారు. పడవ ధరలో పది శాతం ఏటా మెయింటెనెన్స్‌కి పోతుందని నీకెవరో చెప్పారన్నావు కదా, ఆ లెక్క కొత్త పడవలకి సరిపోతుందేమో గాని పాతవాటికి పనికిరాదు. పడవ ఖర్చంతా పొడవుని బట్టి ఉంటుంది. స్లిప్, అంటే మెరీనా రేవులో పడవ కట్టుకునే చోటు, దాని అద్దె అడుగుకి ఇంత అని తీసుకుంటారు, క్రేన్‌తో ఒడ్డుకి ఎత్తించడం కూడా అడుగుల లెక్కే, అడుగున వేసే పెయింటు, తెరచాప గుడ్డ, మాస్ట్‌ని (తెరచాప స్తంభాన్ని) పట్టి ఉంచే ఉక్కు తీగలు అన్నీ పడవ సైజుని బట్టే. 6,500కి కొన్న 30 అడుగుల పడవకీ 60,000కి కొన్న 30 అడుగుల పడవకీ మెరీనావాడు ఒకే బిల్లు ఇస్తాడు.

నాదీ కాటలీనా 30నే, 1987ది. పోయినేడు నాకైన ఖర్చు ఇది: స్లిప్ 3,400, చలికాలానికి పైకెత్తి కడిగి యార్డులో పెట్టి మళ్లీ దించినందుకు 1,850, ఇన్సూరెన్స్ 430, పెయింటు, ఆయిలు, ఫిల్టర్లు, జింకులు, యాంటీఫ్రీజ్ అన్నీ కలిపి దాదాపు 600. మొత్తం 6,280. ఇందులో ఒక్క రిపేరు కూడా లేదు గమనించు. ఏమీ విరగని ఏడాదిలో, పనంతా నేనే చేసుకుంటే ఇంత. అంటే నువ్వు పడవకి పెట్టే ధర ఏటా ఇంకోసారి పెడుతున్నట్టే. దీనికి నువ్వూ మా మరదలూ ఇద్దరూ ఒప్పుకున్నాకే మిగతాది చదువు, ఒకళ్లు ఒప్పుకుని ఇంకొకళ్లు సర్దుకుపోతే రెండో చలికాలానికి ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది.

ఇక సర్వే సంగతి. 14 ఏళ్ల కిందట నేను మొదటి పడవ కొన్నాను, 27 అడుగులది, 4,000 డాలర్లు. నీలాగే ఆలోచించి సర్వే మానేశాను. ఎండలో తెల్లగా మెరుస్తూ ఉంది, లోపల కుషన్లు కొత్తవి. ముందు భాగంలో నడుస్తుంటే ఒకచోట కాలి కింద కొద్దిగా దిగినట్టు అనిపించింది, అడిగితే పాత పడవలు అంతే అన్నారు. మే నెలలో తెలిసింది అసలు సంగతి. ఈ పడవల పై డెక్కు రెండు పలచని ఫైబర్‌గ్లాస్ పొరలు, మధ్యలో బాల్సా చెక్కో ప్లైవుడ్డో పెట్టి అతికించినది. డెక్కు మీద రెయిలింగ్ గుంజలకీ, తాళ్లు చుట్టే క్లీట్లకీ, హ్యాచ్‌లకీ (డెక్కు మీది మూత తలుపులకి) ఎన్ని బోల్టులున్నాయో అన్ని కన్నాలు ఆ చెక్కలోంచి పోతాయి. బోల్టు చుట్టూ నీళ్లు దిగకుండా పెట్టిన సీలింగ్ పదేళ్లకో పదిహేనేళ్లకో ఎండిపోతుంది, వాన చుక్క లోపలికి దిగుతుంది, రెండు పొరల మధ్య ఇరుక్కుని బయటికి రాదు. నేను మల్టీటూల్‌తో పై పొర నాలుగడుగుల మేర కోసి ఎత్తాను. లోపల చెక్క చేత్తో పట్టుకుంటే ముద్దయిపోయింది, పిండితే నల్లటి నీళ్లు కారాయి, వానకి తడిసి కుళ్లిన గడ్డివాము తిరగేస్తే వచ్చే వాసన గుప్పుమంది. పదకొండు వారాంతాలు, 2,300 డాలర్ల ఎపాక్సీ (రాయిలా గట్టిపడే జిగురు), ఫైబర్‌గ్లాస్ గుడ్డ, బాల్సా. చివరికి ఆ పడవని 3,000కి అమ్మాను. ఆ రోజు సర్వేయర్ వచ్చి ఉంటే పది నిమిషాల్లో చెప్పేసేవాడు.

మాది కాకినాడ పక్క. చిన్నప్పుడు తాళ్లరేవులో చెక్క పడవలు కట్టడం చూసేవాణ్ణి. చెక్క పుచ్చితే పైకే కనబడేది, ఆ పలక తీసి కొత్తది వేసేవాళ్లు. ఫైబర్‌గ్లాస్ పడవలో పుచ్చు లోపల దాక్కుంటుంది, పైన మాత్రం నిగనిగలాడుతూ ఉంటుంది. అందుకే పాత పడవ చూడ్డానికి వెళ్లినప్పుడు కుషన్లు, పెయింటు, టీవీ ఇవేవీ చూడకు, నీళ్లు ఎక్కడెక్కడ దూరాయో అది ఒక్కటే వెతుకు. నేను కింద చెప్పబోయేదంతా దాదాపు అదే వెతుకులాట.

మొదట వాసన. క్యాబిన్ తలుపు తీయగానే లోపలికి దిగకుండా ఒక్క నిమిషం గుమ్మంలో నిలబడి గాలి పీల్చు. బూజు వాసన, డీజిల్ వాసన, టాయిలెట్ వాసన, మూడూ వేరువేరుగా తెలుస్తాయి. అమ్మే ఆయన అగరుబత్తి వెలిగించి ఉంటే, ఎయిర్ ఫ్రెషనర్ కొట్టి ఉంటే మళ్లీ ఇంకో రోజు చెప్పకుండా వెళ్లు. టాయిలెట్ పైపులకి ఒక పరీక్ష ఉంది: వేడినీళ్లలో తడిపి పిండిన గుడ్డని పైపు చుట్టూ రెండు నిమిషాలు చుట్టి ఉంచి, తీసి ఆ గుడ్డ వాసన చూడు. గుడ్డ కంపు కొడితే పైపు లోంచి వాసన బయటికి ఊరుతోందని అర్థం, ఎన్ని మందులు పోసినా పోదు, పైపు మార్చాల్సిందే. మార్చడం కష్టమైన పని కాదు గాని రోత పని.

తర్వాత డెక్కు. మా అమ్మ సంతలో కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని వినేది, ఇదీ అంతే. స్క్రూడ్రైవర్ పిడితోనో చిన్న ప్లాస్టిక్ సుత్తితోనో ప్రతి జానెడు దూరానికీ తట్టుకుంటూ పో. బాగున్నచోట టక్ టక్ అని గట్టిగా పలుకుతుంది, తడి దూరినచోట దబ్ దబ్ అని మొద్దుగా వస్తుంది. రెయిలింగ్ గుంజల మొదళ్లు, మాస్ట్ చుట్టూ, హ్యాచ్‌ల మూలలు, ఇవి ముందు చూడు. అరచేయంత చోట మొద్దుగా పలికితే ధర తగ్గించి అడగొచ్చు. డెక్కులో పావు వంతు అలా ఉంటే వెనక్కి తిరిగి చూడకుండా వచ్చెయ్, నీకున్న అనుభవానికి అది మొదటి పడవ కాకూడదు.

ఈ మోడల్ గురించి. ఫ్రాంక్ బట్లర్ గీసిన డిజైన్ ఇది, 1976 నుంచి 2008 దాకా ఆరు వేలకు పైగా కట్టారు. మొదటిసారి కొనేవాళ్లకి ఇదే కొనమని చెప్తాను. అన్ని కట్టారు కాబట్టి ఏ పార్టు కావాలన్నా దొరుకుతుంది, ఏ సమస్య వచ్చినా నీకంటే ముందు ఇంకెవరో పడి, పరిష్కరించి, రాసి పెట్టి ఉంటారు. దాదాపు పదకొండు అడుగుల వెడల్పు, పిల్లలు లోపల పరిగెత్తొచ్చు. కీల్ మాత్రం గమనించుకో, అంటే పడవ అడుగున కిందికి దిగి ఉండే బరువైన రెక్క. మామూలు ఫిన్ కీల్ పడవకి 5 అడుగుల 3 అంగుళాల లోతు కావాలి, చెసపీక్ బే సగటు లోతే 21 అడుగులు, క్రీకుల్లో ఇంకా తక్కువ. పోటు తగ్గినప్పుడు నీ స్లిప్‌లో ఎంత లోతుంటుందో ముందే కొలిపించుకో.

ఈ మోడల్ పాతవాటిలో ప్రత్యేకంగా రెండు చోట్లు చూడాలి. మాస్ట్ డెక్కు మీద కూర్చుంటుంది, దాని బరువంతా క్యాబిన్ మధ్యలో ఉన్న ఒక స్తంభం మోస్తుంది, ఆ స్తంభం కింద నేల అడుగున ఒక చెక్క దిమ్మ ఉంటుంది. బిల్జ్‌లో (పడవ లోపల అట్టడుగు గుంటలో) నీళ్లు నిలబడి ఆ దిమ్మ నాని మెత్తబడితే స్తంభం మెల్లగా దిగుతుంది, దాంతో డెక్కు కుంగుతుంది, తీగలు వదులవుతాయి. దీన్ని పట్టుకోవడానికి ఏ మీటరూ అక్కర్లేదు, టాయిలెట్ తలుపు వేసి తీయి. తలుపు పైన ఒరుసుకుంటూ ఉంటే, లేదా ఎవరో తలుపు అంచు రందా పట్టి సరిచేసి ఉంటే, ఆ దిమ్మ సంగతి చూడమని సర్వేయర్‌కి గట్టిగా చెప్పు. రెండోది కీల్ అతుకు. పడవని పైకెత్తినప్పుడు కీల్ పడవకి కలిసేచోట ముందు భాగంలో నవ్వుతున్న నోరులా ఒక పగులు కనబడుతుంది, దాన్ని కాటలీనా స్మైల్ అనే అంటారు. వెంట్రుకంత పగులైతే చాలా పడవల్లో ఉండేదే, కీల్ బోల్టులు సరైన బలంతో బిగించి, పగులు చెక్కి మళ్లీ పూడ్చి పెయింటు వేస్తే సరిపోతుంది. పగుల్లోంచి ఎర్రటి తుప్పు నీళ్లు కారుతుంటే, లోపల బిల్జ్‌లో బోల్టు తలలు పొరలు పొరలుగా ఊడుతుంటే అది వేరే కథ, పెద్ద ఖర్చు.

అందుకే సర్వే అంటే పడవ నీళ్లలో ఉండగా చేసేది కాదు, పైకెత్తించాలి. ఎత్తే ఖర్చు ఇంకో 300 దాకా నీదే. మూడేళ్లుగా కదలని పడవ అడుగున గుల్లలు కట్టి ఉంటాయి, కడిగించాకే ఏదైనా తెలుస్తుంది. అడుగున చిన్న చిన్న బొబ్బలు ఉంటే కంగారు పడకు, ఆ కాలపు పడవల్లో మామూలే, వాటివల్ల మునిగిపోయిన పడవని నేను చూడలేదు. చుక్కాని మాత్రం జాగ్రత్తగా చూడు. నీళ్లలోంచి తీసిన గంట తర్వాత కూడా దాని కింది అంచు నుంచి గోధుమ రంగు నీళ్లు బొట్లు బొట్లుగా కారుతుంటే లోపలికి నీళ్లు చేరాయని. రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపు, టకటకమని ఆడితే బుష్‌లు అరిగాయి.

సర్వేయర్‌ని నువ్వే వెతుక్కో, అమ్మే ఆయన చెప్పినవాణ్ణి, బ్రోకర్ చెప్పినవాణ్ణి పెట్టుకోకు. శామ్స్ లేదా నామ్స్ అనే సర్వేయర్ల సంఘంలో సభ్యుడై ఉంటే మంచిది. ఆయన పని చేస్తున్నంతసేపూ పక్కనే ఉండు, అడుగు, ఫోటోలు తీసుకో. ఆ ఐదు గంటల్లో నేర్చుకునేది ఇంకెక్కడా నేర్చుకోలేవు. ఇంకో సంగతి, ఎలాగూ ఇంత పాత పడవకి సర్వే రిపోర్టు లేకుండా ఇన్సూరెన్స్ ఇచ్చే కంపెనీలు తక్కువ, ఇన్సూరెన్స్ లేకపోతే చాలా మెరీనాలు స్లిప్ ఇవ్వవు. కాబట్టి ఆ 750 మిగలదు, ముందు పెడతావా కొన్నాక పెడతావా అంతే తేడా.

ఇంజిన్ దగ్గరికి వద్దాం. ఎం-25 మంచి ఇంజిన్, 21 హార్స్‌పవర్, మూడు సిలిండర్లు. దాని లోపల ఉన్నది జపాన్ కుబోటా కంపెనీ డి850 బ్లాకు. మన గోదావరి జిల్లాల్లో నాట్లు వేసే కుబోటా మెషీన్లు చూసే ఉంటావు, ఆ కంపెనీదే. ఆయిలూ, నీళ్లూ, శుభ్రమైన డీజిలూ ఇస్తే ముప్పై నలభై ఏళ్లు పనిచేస్తుంది. అయితే మూడేళ్లు ఆగిపోయింది కాబట్టి, చూడ్డానికి వెళ్లే ముందు ఇంజిన్ వేడి చేసి ఉంచొద్దని చెప్పు, వెళ్లగానే బ్లాకు మీద చేయి పెట్టు, వెచ్చగా ఉంటే అప్పటికే స్టార్ట్ చేశారన్నమాట. చల్లగా ఉన్నప్పుడు ఎంతసేపటికి అందుకుంటుందో అదే నిజమైన పరీక్ష. డిప్ స్టిక్ తీసి చూడు, ఆయిలు నల్లగా ఉంటే పర్లేదు, పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరాయి, అక్కడితో ఆపెయ్. స్టార్ట్ అయ్యాక వెనక్కి వెళ్లి సైలెన్సర్ గొట్టం చూడు. పొగతో పాటు నీళ్లు దఫదఫాలుగా చిమ్ముతూ రావాలి. మొదట్లో కాస్త తెల్ల పొగ వచ్చి పోతే మామూలు, నీలం పొగ పోకుండా ఉంటే ఆయిలు మండుతోంది. తర్వాత గట్టుకి కట్టి ఉంచే గేర్ వేసి అరగంట నడిపించు. ఊరికే న్యూట్రల్‌లో తిప్పితే ఏమీ తెలియదు, వేడెక్కే ఇంజిన్ బరువు మీదే వేడెక్కుతుంది.

ఈ ఇంజిన్లలో ఆల్టర్నేటర్‌ని పట్టుకునే బ్రాకెట్ పాత రకం బలహీనమైనది, తర్వాత గట్టిది వచ్చింది, ఏది ఉందో చూడమని మెకానిక్‌ని అడుగు. అలాగే ఇంజిన్ నుంచి ప్యానెల్‌కి వెళ్లే వైర్లు మధ్యలో ట్రెయిలర్ ప్లగ్గు లాంటి కనెక్టర్లతో కలిపి ఉంటాయి, అవి లోపల తుప్పు పట్టి వేడెక్కుతాయి. అవి తీసేసి వైర్లు నేరుగా కలుపుకోవడం ఒక మధ్యాహ్నం పని, ఈ పాత పడవలకి చేసే అన్ని పనుల్లోకీ తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేసేది అదేనని నా అభిప్రాయం.

నీళ్ల పంపులో ఉండే రబ్బరు ఇంపెల్లర్ ఏటా మార్చాలి. పాతది తీసినప్పుడు రెక్కలు లెక్కపెట్టు. ఒక రెక్క తక్కువుంటే ఆ ముక్క ఎక్కడో లోపల, చాలావరకు హీట్ ఎక్స్ఛేంజర్ (ఇంజిన్ వేడి తీసే భాగం) మూతిలో, ఇరుక్కుని ఉంటుంది, అది దొరికేదాకా పని అయిపోయినట్టు కాదు. ప్రొపెల్లర్ షాఫ్ట్ పడవలోంచి బయటికి పోయేచోట నీళ్లు లోపలికి రాకుండా ఆపే స్టఫింగ్ బాక్స్ ఉంటుంది, పాత పద్ధతిదైతే షాఫ్ట్ తిరుగుతున్నప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు కారడం మంచిదే, ఆపేశాక కారకూడదు. కొత్తవాళ్లు ఆ చుక్కలు చూసి భయపడి నట్టు బిగించేస్తారు, షాఫ్ట్ వేడెక్కి అరిగిపోతుంది.

పడవ అడుగున ఉన్న కన్నాలు, అంటే సింకు, టాయిలెట్, ఇంజిన్ నీళ్ల కోసం పెట్టినవి, ఒక్కొక్కటీ చేత్తో తెరిచి మూసి చూడు. ఆ కాలపు చాలా పడవల్లో ఇంటి కొళాయి లాంటి గుండ్రటి చక్రం తిప్పే గేట్ వాల్వులు ఉండేవి. అవి లోపల తినేసి, మూసినట్టు అనిపించి మూసుకోవు, ఒక్కోసారి చక్రం చేతిలోకి వచ్చేస్తుంది. ఇంకా అవే ఉంటే పడవ ఒడ్డు మీద ఉండగానే అన్నీ తీసి సరైన సీకాక్‌లు (పిడి తిప్పితే పూర్తిగా మూసుకునే వాల్వులు) వేయించు, నీ పిల్లలు ఆ పడవలో పడుకునే ముందే. ఇది వాయిదా వేసే పని కాదు. ప్రతి సీకాక్‌కీ సరిపడే చెక్క బిరడా ఒకటి పక్కనే దారంతో కట్టి ఉంచు.

మాస్ట్ తీగలు. ఎప్పుడు మార్చారని అడుగు, కాగితం చూపించమను. తెలియదు అంటే ఎప్పుడూ మార్చలేదనే లెక్క వేసుకో. తీగ పైకి చూస్తే మెరుస్తూనే ఉంటుంది, తెగేది కింద ఫిట్టింగ్ లోపలికి దూరేచోట, ఎందుకంటే వాన నీళ్లు తీగ వెంట జారి అక్కడే నిలబడతాయి. కాస్త దూది తీసుకుని తీగ వెంట కిందికి పైకి లాగు, ఎక్కడైనా పీచు చిక్కుకుంటే ఆ చోట ఒక పోగు తెగింది. చేయి పెట్టి లాగకు, చీరుకుపోతుంది. ఫిట్టింగ్‌ని భూతద్దంతో చూడు, నిలువుగా సన్నటి గీత ఉందంటే పగిలినట్టే. పడవ లోపల చెయిన్‌ప్లేట్లు (తీగల్ని పడవకి పట్టి ఉంచే లోహపు పట్టీలు) బిగించిన ప్లైవుడ్ మీద టీ మరకల్లాంటి చారలుంటే అక్కడా నీళ్లు దిగుతున్నాయి. నాకు మొత్తం తీగలు మార్పించడానికి 4,300 అయ్యింది. ఈ ఒక్క పద్దు నీ పడవ ధరని మార్చేస్తుంది, బేరంలో ఇదే ముందు పెట్టు.

తెరచాపలకి గోటి పరీక్ష చాలు. కుట్టు మీద గోరుతో గీకు, దారం పొడిపొడిగా రాలితే ఎండకి మాడిపోయింది. గుడ్డ బాగుండి కుట్లు మాత్రమే పోతే తెరచాపలు కుట్టేవాళ్లు తక్కువలోనే మళ్లీ కుట్టిస్తారు. నువ్వు మొదటి రెండేళ్లు పాత తెరచాపలతోనే నేర్చుకో, కొత్తవి వెంటనే కొనకు.

కరెంటు విషయంలో ఒక్కటి మాత్రం తప్పకుండా పాటించు. గట్టు మీది కరెంటు పడవకి వచ్చే 30 ఆంప్స్ ప్లగ్గు తీసి చూడు, పిన్నుల చుట్టూ నల్లగా కాలి ఉంటే మార్చాలి, పడవల్లో మంటలు చాలాసార్లు అక్కడే మొదలవుతాయి. ఇంకా, ఎంత ఎండగా ఉన్నా మెరీనాలో పిల్లల్ని నీళ్లలోకి దిగనివ్వకు. ఏ పడవలో వైరింగ్ పాడైనా కరెంటు నీళ్లలోకి వస్తుంది, కండరాలు పట్టేసి ఈత వచ్చినవాళ్లు కూడా మునిగిపోతారు. మంచినీళ్లలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ, మన దగ్గర నీళ్లలో కాస్త ఉప్పుంది కాబట్టి ఏమీ కాదని ధీమాగా ఉండకు.

రిపేర్లు మనమే చేసుకోగలమా అంటే, చాలావరకు చేసుకోగలం. తీగలు, కీల్ బోల్టులు, వంటగ్యాస్ లైను ఈ మూడూ తెలిసినవాళ్లకే వదిలెయ్. మిగతావి నేర్చుకోవచ్చు, కొన్న ఏడాదిలో మొదట నేర్చుకోవాల్సింది డెక్కు బోల్టులకి మళ్లీ సీలింగ్ పెట్టడం. ఒక గుంజ తీసి ఎలా చేస్తానో చెప్తాను. బోల్టులు విప్పి గుంజ పక్కన పెట్టాక, కన్నాన్ని కాస్త పెద్ద బిట్‌తో వెడల్పు చేస్తాను, కింది పొర మాత్రం తెగకుండా. లోపల చెక్క పొడిగా ఉందని చూసుకుని, కింద టేపు వేసి, చిక్కగా కలిపిన ఎపాక్సీ కన్నం నిండా పోస్తాను. మర్నాటికి రాయిలా గట్టిపడుతుంది. అప్పుడు దాని మధ్యలోంచి అసలు సైజు కన్నం వేస్తే, ఇక బోల్టు చుట్టూ ఉన్నది ఎపాక్సీయే, నీళ్లు దిగినా చెక్కకి తగలవు. కన్నం మూతిని కొద్దిగా గిన్నెలా చెక్కి, బ్యుటైల్ టేపుని (మెత్తగా సాగే రబ్బరు జిగురు పట్టీ) అరచేతుల మధ్య జంతికల పిండిలా సన్నగా చేసి బోల్టు మెడకి చుట్టి దించుతాను. ఒకేసారి బిగించకూడదు. ఇవాళ కొంచెం, రేపు కొంచెం, ఎండ పడ్డాక ఇంకొంచెం, అలా నాలుగు రోజులు బిగిస్తే అంచుల నుంచి బ్యుటైల్ నల్లగా ఉబికి బయటికి వస్తుంది, అది కత్తితో గీకి తీసెయ్యడమే. బిగించేటప్పుడు కింద నట్టు మాత్రమే తిప్పు, పైన బోల్టు తిరిగితే చుట్టిన టేపు తెగిపోతుంది. నా పడవలో 2016లో ఇలా పెట్టినవి ఇప్పటికీ ఒక్క చుక్క దిగలేదు. సిలికాన్ దరిదాపులకి రానివ్వకు, అది ఒకసారి అంటుకున్నచోట తర్వాత ఇంకేదీ అంటుకోదు. 3ఎం 5200 అనే జిగురు అసలే వద్దు, దాంతో అతికించినది మళ్లీ తీయాలంటే డెక్కు పొర ఊడి వస్తుంది.

ఏడాది పనులు ఇలా సాగుతాయి. ఏప్రిల్‌లో దించే ముందు అడుగున పెయింటు, కొత్త యానోడ్లు. యానోడ్ అంటే పడవ లోహ భాగాలకి బదులు తాను తినేసుకుపోయే లోహపు ముక్క, దాన్ని అందరూ జింకు అంటారు గాని మన చెసపీక్ లాంటి ఉప్పు తక్కువ నీళ్లలో అల్యూమినియంవే సరిగ్గా పనిచేస్తాయి. అక్టోబర్ చివర్లో ఆయిలు, ఫిల్టరు మార్చి పైకెత్తించు, మురికి ఆయిలు చలికాలమంతా ఇంజిన్‌లో ఉంచకూడదు. ఇంజిన్‌లోకి, మంచినీళ్ల పైపుల్లోకి, టాయిలెట్‌లోకి గులాబీ రంగు యాంటీఫ్రీజ్ పట్టించు, కార్లలో పోసే ఆకుపచ్చది విషం, తాగే నీళ్ల లైన్లలోకి వెళ్లకూడదు. జనవరిలో పైపులో మిగిలిన గ్లాసెడు నీళ్లు గడ్డకట్టి ఇత్తడి వాల్వుని నిలువునా చీల్చగలవు.

కాగితాల సంగతి క్లుప్తంగా. టైటిల్ (పడవ యాజమాన్య పత్రం) అమ్మే ఆయన పేరు మీదే ఉందా, అప్పు ఏమైనా ఉందా, పాత స్లిప్ బాకీలు ఉన్నాయా చూసుకో. వెనక కుడివైపు పైన అక్షరాలూ అంకెలూ కలిపి 12 ఉండే హల్ నంబరు (పడవ గుర్తింపు నంబరు) ఉంటుంది, టైటిల్‌లో నంబరుతో కలవాలి. మేరీల్యాండ్‌లో కొన్న ధర మీద 5 శాతం ఎక్సైజ్ టాక్స్ కట్టాలి. 1972 జులై 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి బోటింగ్ సేఫ్టీ సర్టిఫికెట్ కూడా ఉండాలి, కాబట్టి నీకూ కావాలి. అన్నిటికన్నా ముందు, పాత ఓనర్ బిల్లులూ నోట్సూ ఉన్నాయా అని అడుగు. ఇప్పుడున్న పడవని నేను నిజంగా కొన్నది ఒక నోటుబుక్కు చూసి. ముసలాయన ప్రతి ఆయిల్ మార్పునీ ఇంజిన్ గంటలతో సహా పెన్సిల్‌తో రాసి పెట్టుకున్నాడు, పందొమ్మిదేళ్లది. పడవ పైకి అంత బాగా లేదు, పక్క గట్టున ఇంకో పడవ దానికంటే 2,000 చవక. నేను నోటుబుక్కు ఉన్నదే తీసుకున్నాను.

నీ పడవ విషయంలో నా మాట ఇది. మూడేళ్లు వదిలేసింది కాబట్టి 6,500 ఎక్కువే. సర్వేకీ సీ ట్రయల్‌కీ (నీళ్ల మీద నడిపి చూడటానికి) లోబడి అని రాసి 4,500 చెప్పు, అడ్వాన్సు వెనక్కి వచ్చేలా కాగితం మీద పెట్టించుకో. డెక్కు గట్టిగా ఉండి, కీల్ బోల్టులు బాగుండి, ఇంజిన్ చల్లగా ఉండి అందుకుంటే కొను, ఇంకో 5,000 చేతిలో ఉంచుకుని కొను, తీగలకీ సీకాక్‌లకీ అది మొదటి ఏడాదే అయిపోతుంది. డెక్కు మెత్తగా ఉంటే ఊరికే ఇచ్చినా తీసుకోకు. ఫైబర్‌గ్లాస్ మట్టిలో కలవదు, పాడైన పడవని వదిలించుకోవడానికి కూడా వేల డాలర్లు మనమే పెట్టాలి.

వచ్చే ఆదివారం నేను ఖాళీగానే ఉన్నాను, అక్కడికి నలభై నిమిషాలు. ప్లాస్టిక్ సుత్తి, భూతద్దం, దూది నేను తెస్తాను. నువ్వు మాసిన బట్టలు వేసుకుని టార్చి తీసుకురా, ఇంజిన్ ముట్టుకోవద్దని ఆయనకి శనివారమే ఫోన్ చేసి చెప్పు.